ఫిల్టరులో పేరుకున్న ప్రార్థన నూనె

సహోదరులారా, సాక్ష్యం చెబుతానని వరుసగా మూడు ఆదివారాలు చెయ్యెత్తాను, మొదటిసారి టైం అయిపోయిందన్నారు, రెండోసారి క్వయిర్ వాళ్లు లేచారు, మూడోసారి మైకు నా తల మీదుగా వెనక వరుసలో ఉన్న సత్యానందం చేతికి వెళ్లింది, అతను చెయ్యి కూడా ఎత్తలేదు! "దేవునికే మహిమ" అని రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. అందుకే మన సంఘ పత్రికకు రాసి పంపిస్తున్నాను. నా పేరు జకరయ్య, మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. ఇది నా అసూయ గురించిన సాక్ష్యం కాబట్టి సత్యానందం పేరు చాలాసార్లు వస్తుంది, తప్పదు.

మేమిద్దరం ఒకే రైసుమిల్లులో లోడర్ ఆపరేటర్లం. స్కిడ్ లోడర్ అంటే ముందు బకెట్టు ఉండే చిన్న బండి, స్టీరింగు ఉండదు, రెండు లివర్లతో ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, ఇరుకు గోడౌన్లలో ఊక ఎత్తడానికి దాన్ని మించింది లేదు. సత్యానందానికి ఆ లివర్లు పట్టుకోవడం నేర్పింది నేను. అయినా మిల్లుకు కొత్త లోడర్ వచ్చిన రోజు ఓనరుగారు తాళం అతని చేతిలో పెట్టారు. ఆ రోజును నేను మరచిపోలేదు. తర్వాత అతను మిల్లు మానేసి సొంతంగా కొత్త లోడరే కొనుక్కున్నాడు, పాస్టరు అయ్యగారు సంఘ పెద్దలందరితో వెళ్లి, దాని బకెట్టుకు నూనె రాసి అరగంట ప్రార్థన చేశారు. అరగంట! మా అమ్మాయి పెళ్లిలో కూడా అంతసేపు చేయలేదు.

నా చీకటికాలం ఆ రోజే మొదలైంది. కొందరిని తాగుడు పట్టుకుంటుంది, కొందరిని రోగం పట్టుకుంటుంది, నన్ను సత్యానందం పట్టుకున్నాడు. కాలవగట్టు మీద అతని బండి హారన్ వినబడితే నాకు ముద్ద దిగేది కాదు. ఆ మనసుతో ప్రభువు బల్లకు చెయ్యి చాపలేక, రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారాల్లో చెప్పులు వేసుకుని ముందే బయటికి వచ్చేసేవాణ్ణి, ఎందుకు వెళ్లిపోతున్నావయ్యా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఇంట్లో మోకరించి నేను చేసిన ప్రార్థన ఇప్పుడు రాయాలంటే సిగ్గేస్తోంది: "ప్రభువా, వాడి బండి పదిమంది ముందు ఆగిపోవాలి, అది నేను చూడాలి."

ఆ పంతంతోనే మిల్లు వెనక పిచ్చిమొక్కల్లో పడి ఉన్న పాత లోడర్‌ను, ఒకప్పుడు నేనే నడిపిన దాన్ని, ఓనరుగారిని అడిగి ట్రక్కు మీద ఇంటికి తెచ్చుకున్నాను. పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య పెట్టి, తుప్పు గీకి, సిలిండర్ల సీళ్లు మార్చి, ఎలుకలు కొరికిన వైర్లు తీసి కొత్తవి వేసి, ఇంజను దించి మళ్లీ ఎక్కించేసరికి ఆరు నెలలు పట్టింది. మా ఆవిడ మార్తమ్మ గుమ్మంలో నిలబడి, "ఏవండీ, ఆ ఇనుముని తోమినట్టు మీ వీపు తోముకుంటే ఈపాటికి పెళ్లికొడుకులా ఉండేవారండి" అనేది. నాకు నవ్వు రాలేదు. ఆ బండి లేవడం సత్యానందం చూడాలి, నాకు కావలసింది అదొక్కటే.

ప్రార్థనకు రమ్మంటే అయ్యగారు, "ముందు బండి కదలనివ్వండి జకరయ్యగారూ" అన్నారు. కొత్త బండికి ఆ మాట అన్నారా? సరే, నేనే చేసుకుంటాననుకున్నాను. ఉపవాస కూటాల్లో ప్రార్థించి ఇచ్చిన కొబ్బరినూనె సీసా ఇంట్లో ఉంది. బకెట్టునీ చక్రాలనీ కదిపే ఆయిల్ హైడ్రాలిక్ ఫిల్టరు గుండానే వెళ్లాలి, ఆ ఫిల్టరు బిగించే ముందు దాన్ని ఆయిల్‌తో నింపడం పద్ధతి, నింపేది హైడ్రాలిక్ ఆయిలే కావాలి, అదీ పద్ధతే, ముప్పై ఏళ్ల ఆపరేటర్ని, నాకు తెలియదా! అయినా అతని బండికి పైపైన రాశారు, నా బండికి లోపలే ఉండాలని, సీసా మొత్తం ఫిల్టరులో పోసి బిగించేశాను.

అది డిసెంబరు. మర్నాడు పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందే, సంఘంలోవాళ్లను పదిహేనుమందిని పిలిచి, సత్యానందానికి ముందు కుర్చీ వేశాను. ఇంజను ఒక్క దెబ్బకే అందుకుంది. లివర్ లాగాను, బకెట్టు లేవలేదు. మళ్లీ లాగాను, ఇంజను అరుస్తోందే గాని బండి జానెడు కదలదు. "బండికి పక్షవాతం వచ్చిందండోయ్, స్వస్థత కూటానికి తీసుకెళ్లండి!" అని ఎవరో అన్నారు, అందరూ ఒకటే నవ్వు. ఎవరన్నారో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

అప్పుడు సత్యానందం కుర్చీలోంచి లేచి వచ్చి, స్పానర్ తీసుకుని ఫిల్టరు విప్పాడు. చలికి నూనె లోపల తెల్లగా, వెన్నముద్దలా పేరుకుపోయి ఉంది, ఆ వాసనకే సంగతంతా అర్థమవుతుంది. ఒక్కసారి నా మొహం చూశాడు. ఇక చెప్పేస్తాడు, ఊరంతా జన్మలో మరచిపోదు అనుకున్నాను. అతను జనం వైపు తిరిగి, "ఏం లేదండి, పాత బండి కదా, ఫిల్టరు పట్టేసింది. మీరు టీ తాగొచ్చేలోపు లేస్తుంది" అన్నాడు. టూల్ బాక్సు పక్కనున్న ప్రార్థన సీసాను గుడ్డలో చుట్టి సీటు కిందకు తోసేసి, "అన్నయ్యా, వేడినీళ్లు తెప్పించండి" అన్నాడు మెల్లగా.

నేను కొబ్బరికాయల పీచు డొక్కల రాశి వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, అతని బండి పదిమంది ముందు ఆగాలన్నాను, నా బండి ఆగింది. నేను చూడాలన్నాను, అతను చూశాడు, చూసి దాచాడు. నేనైతే దాచేవాణ్ణి కాదు తండ్రీ! నన్ను నా నుంచి విడిపించు!" ఏడ్చి లేచేసరికి అతను ఫిల్టరులోని నూనె కరిగించి, కడిగి, సరైన ఆయిల్ పోసి బిగించాడు. బకెట్టు లేచింది సహోదరులారా, దేవునికే మహిమ! నా గుండెల మీది బరువు కూడా దాంతోపాటే లేచింది.

పూర్తిగా పోయిందని అబద్ధ సాక్ష్యం చెప్పను. మంచితనంలో కూడా అతనే నన్ను మించాడని ఇప్పటికీ కడుపులో కాస్త మండుతుంది, మండిన ప్రతిసారీ మోకరిస్తున్నాను, ఆయన ప్రతిసారీ చల్లారుస్తున్నాడు. మీలో ఏ పగ పేరుకుపోయి ఉన్నా, పదిమంది ముందు బండి ఆగేదాకా ఆగకండి, ఈరోజే ఆయన చేతికి ఇవ్వండి, ఆయన విప్పుతాడు, కానీ చాటడు.

అయ్యగారూ, బండి కదిలింది, ఇక మీ ఇష్టం. సత్యానందం, నీ బండి మీద నేను చేసిన ఆ పాడు ప్రార్థన సంగతి నీ ఇంటికి వచ్చి రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ "టీ తాగుతారా అన్నయ్యా?" అన్నావు. నాకు టీ వద్దు. వచ్చే బల్ల ఆదివారం నేను చెప్పులు వేసుకోను, నీ పక్కనే కూర్చుంటాను. రొట్టె పళ్లెం మన వరుసకు వచ్చేలోపు నోరు తెరిచి చెప్పు, నన్ను క్షమించావా, లేదా?