ఇంజను తిరిగింది, నీళ్లు రాలేదు

మా బంధువుల్లో ఎవరింట్లో పెళ్లయినా, పంక్తిలో మా ఆయిల్ ఇంజను కథ ఒకసారి వడ్డించి తీరుతారు. ప్రొద్దుటూరు నుంచి మేస్త్రీ వచ్చాడట, ఇంజను మీద చెయ్యి పెట్టాడట, కళ్లు మూసుకుని రోగం చెప్పేశాడట. అబద్ధం. ఆ మేస్త్రీ రెండు రోజులు ఇంజనును విప్పి, బిగించి, మళ్లీ విప్పి, మా ఇంట్లో నాలుగు పూటలు సంగటి తిన్నాడు. నేను అక్కడే ఉన్నాను. కథ చెప్పేవాళ్లు లేరు.

మద్రాసు నుంచి విడిపోయి కొత్త రాష్ట్రం ఏర్పడిన తొలి సంవత్సరాలవి. పులివెందుల దగ్గర మా ఊళ్లో, ఎద్దులు తోలుబానతో నీళ్లు తోడే కపిలను మాని ఇంజను పెట్టిన రెండో ఇల్లు మాది. బావిలోపల తొలిచిన అరుగు మీద ఇంజను, పక్కన పంపు, రెండింటి చక్రాలనూ కలుపుతూ వెడల్పాటి తోలు బెల్టు. ఎద్దుల జతను అమ్మేసి మా నాయన దాన్ని తెచ్చాడు. కాబట్టి అది ఆగితే వేరే దిక్కు లేదు. ఆ యేడు వరి పొట్ట మీద ఉంది. నీళ్లు తప్పితే గింజ పట్టదు. ఇంటికి ఏడాది గింజలు అవే.

దసరా సెలవులకు కాలేజీ నుంచి వచ్చాను. ఆయుధపూజ మరునాడు ఇంజను తిప్పితే డుగుడుగుమని బ్రహ్మాండంగా తిరిగింది. పంపు మాత్రం చుక్క ఎత్తలేదు. నాయన బావిలో మునిగి పైపు అడుగున ఉన్న ఫుట్‌వాల్వు చూశాడు, చెత్త లేదు. పైపు నిండా నీళ్లు పోశాడు, లాభం లేదు. మరుసటి రోజు మేస్త్రీ వచ్చి నాజిల్ కడిగాడు, వాల్వులు సరిచేశాడు, చివరికి తేల్చాడు.

"పిస్టన్ రింగులు పోయినట్టుండాయన్నా. మద్రాసు నుంచి తెప్పియ్యాల."

"రింగులు పోతే పొగ రావాల కదా మేస్త్రీ? యాడుంది పొగ?" అన్నాను.

"కాలేజీలో ఇంజన్లు గూడా చెప్తాండారా పాపా?"

"లేదు. కండ్లు తెరిచి చూడమని చెప్తాండారు."

"మ్మే, నోరు మూసుకో," అన్నాడు నాయన. ఆ మూడు రోజుల్లో ఆయన నాతో అన్న మాట అదొక్కటే.

నా అనుమానం శబ్దం మీద. నీళ్లు ఎత్తేటప్పుడు ఇంజను ముక్కుతుంది. ఇప్పుడు ఖాళీ బండిలా తేలిగ్గా పోతోంది. మూడో రోజు పంపు పక్కన కూర్చుని చూశాను. ఇంజను చక్రం జోరుగా ఉంది, పంపు చక్రం నీరసంగా కదులుతోంది. మధ్యలో బెల్టు జారుతోంది. ఇంజను ఆపించి బెల్టు లోపలివైపు తడిమితే చేతికి నూనె, వేరుశనగ నూనె.

ఇంటికొచ్చి జేజిని, అంటే నాయన తల్లిని, అడిగాను.

"నేనే పూసినా. ఏందిప్పుడు? పండగ పూట ఇంజనుకు తలంటొద్దా? తోలు ఎండి శానా బిర్రుగా ఉన్నింది, దానికి ఇంకో దోసెడు ఎక్కువే పూసినా. కపిల బానకు ముప్పై ఏండ్లు పూసినా, ఒక్కనాడన్నా చిరిగిందా?"

"బానకు మెత్తదనం కావాల జేజీ. దీనికి పట్టు కావాల."

"రెండూ తోలే గదే!"

కిరసనాయిలు గుడ్డతో బెల్టు తుడిచి, పొయ్యి బూడిద రుద్దాను. మేస్త్రీ పట్టు కోసం గుగ్గిలం పొడి చల్లి బెల్టు ఎక్కించాడు. ఇంజను ముక్కింది, కాలువలో నీళ్లు పడ్డాయి. చివరి మడి మాత్రం తాలు పోయింది.

అయితే జేజి ఆ రోజు ఇంకో మాట కూడా అంది. "మీ నాయనే గదా నూనె గిన్నె పట్టుకోని నా పక్కన నిలబడినాడు."

మేస్త్రీ రింగులంటే నాయన విన్నాడు. నేను నోరెత్తితే మూయించాడు. పొద్దున్నే గట్టు మీద నిలబడి బీటలిస్తున్న మడిని చూసి వచ్చాడు. ఆయనకు నిజంగానే తట్టలేదా, లేక తల్లి చేసిన తప్పును పరాయి మనిషి ముందు చెప్పలేక ఆ వరిని వదులుకోవడానికే సిద్ధపడ్డాడా?