మా చెల్లెలి చెయ్యి, ఇద్దరు డాక్టర్లు

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక, కొండాపూర్‌లో మా సంఘం కూడుకునే హాలు మెట్ల దగ్గర అందరం చాయ్ తాగుతుండగా, కోకాపేట టవర్లలో ఉండే ఒక కొత్త జంట ఫోన్లో ఒక వీడియో చూపించింది. అందులో కోటు తొడుక్కున్న ఒకాయన, ఎక్కడో జరిగిన అద్భుతాన్ని తాను శాస్త్రీయంగా పరిశోధించాననీ, అది ముమ్మాటికీ దైవకార్యమేననీ ఇంగ్లీషులో చెబుతున్నాడు. ఆయన పేరుకు ముందు డాక్టర్ అని ఉంది, వెనక రైలుపెట్టెల్లాగా బోలెడన్ని అక్షరాలున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు స్తోత్రం అన్నారు. దేవుడు అద్భుతాలు చేస్తాడని ప్రాణం పెట్టి నమ్మేదాన్ని నేను, అయినా నా నోట ముందుగా వచ్చిన మాట, ఈయన ఎక్కడ చదువుకున్నాడు, అని. ఆ జంటలోని అమ్మాయి పకపకా నవ్వి, "ఆంటీ, మీరు పరలోకం గేటు దగ్గర కూడా సర్టిఫికెట్లు అడిగేట్టున్నారండీ" అంది. అందరితోపాటు నేనూ నవ్వాను. మా చెల్లెలు మాత్రం నవ్వలేదు. చాయ్ గ్లాసు ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుని నా వైపు చూసింది. ఆ కుడి చేతి కథ ఆ పిల్లలకు తెలియదు.

మా నాయన పాలమూరు నుంచి రాళ్లు కొట్టే పనికి వచ్చి నానక్‌రామ్‌గూడ పక్కన గుడిసె వేసుకున్న రోజుల్లో, ఇప్పుడు అద్దాల మేడలున్న చోట బండలూ సీతాఫలం చెట్లూ మేకలూ తప్ప ఏమీ లేవు. నాకూ చెల్లెలికీ అక్షరాలు బడికంటే ముందు సంఘంలోనే వచ్చాయి. ఆదివారం వాక్యం కంఠతా అప్పజెప్పనిదే అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, బిస్కెట్టు చేతిలో పెట్టేవారు కాదు. బిస్కెట్ల ఆశతో మొదలైన చదువు నన్ను బీకాం దాకా తీసుకొచ్చింది. చెల్లెలు ఏడో తరగతితో ఆపేసింది. దానికి పాటలు వచ్చేవి, నాకు ఓపిక ఉండేది, అంతే తేడా.

ఆ ఓపికతోనే మాదాపూర్‌లో ఒక జిరాక్స్ షాపు పైనున్న చిన్న ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. కొత్తగా లేచిన కంపెనీల్లో చేరబోయేవాళ్ల చదువులు నిజమైనవో కావో విచారించి చెప్పడం మా పని. నలుగురం ఆడవాళ్లం, నాలుగు బల్లలు, రెండు ఫోన్లు. పని నేర్పిన మేడం మాకు రెండు కట్టుబాట్లు పెట్టింది. కాగితం మీద అచ్చయిన ఫోన్ నంబరుకు ఎన్నడూ ఫోన్ చెయ్యకూడదు, ఎందుకంటే దొంగ డిగ్రీ అచ్చువేసినవాడికి దొంగ నంబరు అచ్చువెయ్యడం ఒక లెక్కా, అనేది. విశ్వవిద్యాలయం నంబరు మనమే వేరేచోట వెతికి పట్టుకోవాలి. దొరికాక కూడా పేరు మనం చెప్పకూడదు, హాల్‌టికెట్ నంబరూ పాసైన సంవత్సరమూ మాత్రం చెప్పి, రిజిస్టరు తీయించి, ఆ పేరేదో అవతలివాళ్ల నోటితోనే చదివించాలి. అది అయ్యాక ఫైలు మీద వెయ్యడానికి మూడు రబ్బరు ముద్రలుండేవి. ఒకటి సరిపోలింది, రెండోది సరిపోలలేదు, మూడోది నిర్ధారించలేకపోయాము. కొత్తలో ఆ మూడో ముద్ర వెయ్యాలంటే నాకు నామోషీగా ఉండేది, పని చేతగానివాళ్ల ముద్ర అనుకునేదాన్ని. పదేళ్లు పోయేసరికి ఆ మూడింటిలోకీ అది వెయ్యడానికే ఎక్కువ నిజాయితీ కావాలని తెలిసొచ్చింది.

చెల్లెలు ఒక పెద్ద టవర్లో హౌస్‌కీపింగ్ పని చేసేది. అద్దాలు తుడుస్తూ నిచ్చెన మీది నుంచి పడింది. భుజం దగ్గర నరం దెబ్బతిని కుడి చెయ్యి తడిబట్టలాగా వేలాడిపోయింది. ఏడు నెలలు దవాఖాన చుట్టూ తిరిగాము. వస్తే రావచ్చు, రాకపోతే లేదు అన్నారు డాక్టర్లు. దానికి జడ నేను వేసేదాన్ని, అన్నం కలిపి పెడితే ఎడమ చేత్తో తినేది. అలా ఉండగా ఒక శుక్రవారం ఉపవాస కూడికలో, మిట్టమధ్యాహ్నం, పక్కపక్కనే నిలబడి కళ్లు మూసుకుని పాడుతున్నాము. ఏదో వచ్చి నా చెంపకు తగిలింది. కళ్లు తెరిచి చూస్తే దాని మోచెయ్యి. రెండు చేతులూ పైకెత్తి పాడుతున్నది మా చెల్లెలు, ఎత్తిన సంగతి దానికే తెలియదు.

అది అద్భుతం. ఆ రోజు అదే అన్నాను, ఈ రోజూ అదే అంటాను, ఎవరేమనుకున్నా సరే.

చెల్లెలు సంఘంలో సాక్ష్యం చెబుతుండగా ఎవరో సెల్‌ఫోన్‌లో తీశారు, ఆ వీడియో ఒక లోకల్ ఛానెల్‌కు చేరింది, వాళ్లు వెనక సినిమా సంగీతం పెట్టి ఎగతాళిగా వేశారు. టవర్లో సూపర్‌వైజరు అది చూసి, ఏడు నెలలు చెయ్యి పడిపోయినట్టు నాటకమాడావని, తిరిగి పనిలోకి వెళ్లిన చెల్లెల్ని ఇంటికి పంపేశాడు. దవాఖాన చీటీలు చూపిస్తే, చీటీలదేముంది, ఎవరైనా రాయించుకుంటారన్నాడు. నరాల సంగతి తెలిసిన పెద్ద డాక్టరు పరీక్షించి, నటన కాదని రాసిస్తే అప్పుడు చూద్దామని కంపెనీ ఆఫీసు తేల్చింది. బస్తీలో షేర్ ఆటో ఎక్కితే చాలు, ఎవడో ఒకడు చెయ్యి వేలాడేసి, "ఏందక్కా, ఇయ్యాల లేసిందా పడ్డదా?" అని అడిగేవాడు. చెయ్యి పోయినప్పుడు ఏడవని పిల్ల ఆ మాటకు ఏడ్చింది. దాని మంచిపేరు, దాని కూడు, రెండూ ఇప్పుడు ఒక డాక్టరు కాగితం మీద ఆధారపడ్డాయి.

ఆ కాగితం రాయడానికి ఇద్దరు డాక్టర్లు వచ్చారు. అద్భుతాలను పరీక్షించి గుట్టు విప్పుతామనే సంఘమొకటి ఉండేది, అందులోని ఒక రిటైరైన నరాల డాక్టరు, దేవుణ్ణి బొత్తిగా నమ్మనివాడు, చెల్లెల్ని పరీక్షించడానికి అనుమతి అడుగుతూ, తన డిగ్రీల నకళ్లు జతచేసి ఉత్తరం రాశాడు. ఇటు మా సంఘ పెద్ద, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మంచి ప్రార్థనాపరుడు, విశ్వాసుల తరఫున అద్భుతాలను పరిశోధిస్తాడని పేరున్న మరో డాక్టరును పిలిపించాడు. నమ్మనాయన రెండు రోజులు కూర్చుని, సూదులతో వైర్లతో పరీక్షలు చేసి, పాత చీటీలన్నీ అడిగి తీసుకున్నాడు. మావాళ్లు పిలిపించిన డాక్టరు పది నిమిషాలు చెయ్యి పట్టుకుని చూసి, ప్రార్థన చేసి, ఫోటో దిగి, నరం పూర్తిగా రెండు ముక్కలై ఉండగా ఒక్క క్షణంలో అతుక్కుందని రాసిచ్చాడు. అది కరపత్రంగా అచ్చువేసి, నెలాఖరున జరిగే బహిరంగ సభలో చదివి, ఒక ప్రతి కంపెనీకి పంపాలని పెద్దల ఆలోచన. అవతలాయన కాగితం ఇంకా రాకముందే దానికి విరుగుడు కావాలి కదా, అందుకు నన్ను పిలిచారు. "సిస్టర్, ఆ నాస్తికుడి డిగ్రీ దొంగదని మీరు తేల్చారంటే చాలండి, మిగతాది ప్రభువు చూసుకుంటాడు" అన్నాడు సంఘ పెద్ద.

దాచుకోవడమెందుకు, నేనూ అదే కోరుకున్నాను. ఆ డాక్టరు డిగ్రీ బూటకం కావాలని మోకాళ్లూని మరీ ప్రార్థించాను. ఆయన చదివిన విశ్వవిద్యాలయం నంబరు వెతికి పట్టుకుంటే, రికార్డుల సెక్షన్లో ఒక ముసలి గుమాస్తా దొరికాడు. నేను చెప్పిన నంబరు రాసుకుని, కుర్చీ జరిపి వెళ్లి, రిజిస్టరు తెచ్చి, పుటలు తిప్పుతుంటే ఆ చప్పుడంతా ఫోన్లో వినిపించింది. చివరికి ఆ పేరే చదివి, "గోల్డ్ మెడల్ గూడ ఉన్నదమ్మా, రాసుకో" అన్నాడు. మిగిలిన రెండు డిగ్రీలూ అంతే శుభ్రంగా ఉన్నాయి. ఇష్టం లేకపోయినా సరిపోలింది అనే ముద్ర వేశాను.

ఫైలు అక్కడితో మూసేస్తే నన్ను అడిగేవాళ్లు లేరు. కానీ ఒకే సంచిలో పెద్ద తూకపురాయి ఒకటి, చిన్న తూకపురాయి ఒకటి పెట్టుకోవడం దేవుడికి అసహ్యమని బిస్కెట్టు కోసం కంఠతా పట్టినదాన్ని. మన డాక్టరు డిగ్రీ కాగితమూ తీశాను. ఆయన డాక్టరేటు ఎక్కడో సముద్రంలోని ఒక దీవి పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయానిది. ఆ దేశపు విద్యాశాఖకు రాస్తే, అలాంటిది తమ జాబితాలో లేనే లేదని జవాబొచ్చింది. అయినా మనవాడు కదా, ఇంకొక్క అవకాశమివ్వాలని, ఆ ఉద్యోగంలో మొదటిసారి కట్టుబాటు మీరి కాగితం మీదున్న నంబరుకే ఫోన్ చేశాను. రోల్ నంబరు చెప్పగానే, "మీ దగ్గర ఏ పేరుంది మేడం?" అన్నాడు అవతలివాడు. ఆ మాటతోనే నాకు సగం అర్థమైంది. మిగతా సగం కూడా తెలుసుకుందామని మా నాయనమ్మ పేరు చెప్పి, ఈవిడ మీ దగ్గర డాక్టరేటు చేసిందా అని అడిగాను. "చేశారు మేడం, చాలా తెలివైన విద్యార్థిని, మాకందరికీ బాగా గుర్తు" అన్నాడు. మా నాయనమ్మ పాలమూరులో మేకలు కాసింది, వేలిముద్ర వేసేది, నేను పుట్టిన యేడే పోయింది.

రెండు కాగితాలూ తీసుకెళ్లి పెద్దల ముందు పెట్టాను. తామూ ఫోన్ చేసి కనుక్కున్నామనీ, చాలా గొప్ప ప్రొఫెసరని చెప్పారనీ అన్నాడు సంఘ పెద్ద. ఏ నంబరుకు చేశారంటే, కాగితం మీదున్న దానికేనండి అన్నాడు. నాయనమ్మ సంగతి చెప్పాను. ఎవరూ నవ్వలేదు. "శత్రువు డిగ్రీ నిజమైంది, మనవాడిది దొంగది అని మన నోటితో మనమే చెప్పుకుంటామా సిస్టర్? కొన్ని కప్పుకోవాలండి" అన్నాడు ఆయన, కోపంగా కూడా కాదు, బతిమాలుతున్నట్టు. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

చెయ్యి చెల్లెలిది కాబట్టి ఇంటికొచ్చి దాన్నే అడిగాను. కూర తరుగుతున్నది, కుడి చేత్తోనే. "నా చెయ్యి పోయింది నిజమే, వచ్చింది నిజమే. నడుమ గీ దొంగ కాగితం ఎందుకే అక్కా?" అంది. "రేపు గాయన దొంగని తేలితే నన్ను గూడ దొంగనే అంటరు. గాయనకేంది, కోటు మార్చుకుని ఇంకో ఊరికి పోతడు. నేను యాడికి పోవాలె?"

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. బాగుపడ్డ కుష్ఠరోగిని వెళ్లి ఆలయ యాజకుడికి కనపరచుకోమని ప్రభువే పంపించాడు, పరీక్షకు భయపడలేదు, అన్నాను. వాక్యంలోని జనం పరాయిదేశపు చెర నుంచి తిరిగివచ్చినప్పుడు మేము యాజకులమని వచ్చినవాళ్లలో, వంశావళి పట్టీలో వెతికితే పేరు దొరకనివాళ్లను సేవ నుంచి తప్పించారు, ఆ పట్టీ తిరగేసినవాళ్లు అవిశ్వాసులా, అని అడిగాను. నా దేవుడి పనికి దొంగ సాక్షిని తెచ్చి నిలబెడితే ఆ అవమానం నాస్తికుడికి కాదు, నా దేవుడికి, నేను ఒప్పుకోను, అన్నాను. వెనక చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ ఒక్కతే స్తోత్రం అంది, అది ప్రార్థన అయిపోయిందనుకుని అన్నదో ఏమో ఇప్పటికీ నాకు తెలియదు. తర్వాత అయ్యగారు లేచి, కరపత్రం ఆపేయమని ఒక్క మాట చెప్పి కూర్చున్నారు. స్త్రీల కూడికలో వాక్యం చెప్పే పని మాత్రం నా నుంచి తీసేశారు. మూడు కుటుంబాలు వేరే సంఘానికి వెళ్లిపోయాయి. చాలాకాలం నన్ను పోలీసక్క అన్నారు. అననీ అనుకున్నాను.

నమ్మని డాక్టరు రిపోర్టు తీసుకోవడానికి ఇద్దరం వెళ్లాము. చెయ్యి నిజంగానే పడిపోయిందనీ, ఈ మనిషి నటించలేదనీ ఆయన స్పష్టంగా రాశాడు. నలిగిన నరాలు నెలల మీద కోలుకోవడం ఉన్నదే కానీ, ఒక్కనాటిలో ఇలా ఎలా లేచిందో ఉన్న ఆధారాలతో తాను నిర్ధారించలేకపోయానని చివర రాశాడు. నా మూడో ముద్ర. మెడల్ సంపాదించిన మనిషి ఆ ముద్ర వేసుకోవడానికి సిగ్గుపడలేదు. చెల్లెలు ఊరుకోక, "సారూ, నన్ను నమ్ముతరా?" అని అడిగింది. "నీ చెయ్యిని నమ్ముతనమ్మా. దేవుని సంగతి నాకు తెల్వదు" అన్నాడు ఆయన. "తెల్వనోళ్లకే గద సారూ మేం చెప్పేది" అంది ఇది. ముసలాయన గట్టిగా నవ్వి మాకు చాయ్ తెప్పించాడు. ఆ కాగితంతోనే చెల్లెలు మళ్లీ టవర్లో అడుగుపెట్టింది, అదే నిచ్చెన ఎక్కింది.

ఇప్పుడు మా ఆఫీసు లేదు, ఆ జిరాక్స్ షాపూ లేదు, ఆ చోట లేచిన మేడలో ఏముందో దాని అద్దాల్లో నా ముఖమే కనిపిస్తుంది గనుక చెప్పలేను. డిగ్రీ కాగితం మీద నలుపు తెలుపు గళ్లబొమ్మకు ఫోన్ చూపిస్తే పేరు దానంతటదే వస్తుందట, మంచిదే. అంత సులువైన కాలంలో ఒక్కరికీ చూడాలనిపించదు, అదొక్కటే నాకు అర్థం కాదు. నమ్మకమున్నవాళ్లు అడగకూడదని ఎవరు నేర్పారు వీళ్లకు? అడిగాను కాబట్టే మా చెల్లెలు తల ఎత్తుకుని నడుస్తున్నది. వీడియోలోని ఆ కోటు మనిషి చదివానన్న విశ్వవిద్యాలయం నంబరు వెతికి పెట్టుకున్నాను, వీడియో కింద ఉన్నది మాత్రం కాదు. రేపు పదిన్నరకు సెక్షన్లు తెరుస్తారు, ఫోన్ చేస్తాను. ఏదో యంత్రం ఎత్తి ఒకటి నొక్కమంటుంది, రెండు నొక్కమంటుంది. పూర్వం అవతల ఒక మనిషి కుర్చీ జరిపి లేచేవాడు, పుటలు తిరిగేవి. ఆ పుటలు తిరుగుతున్నంతసేపూ నేను కళ్లు మూసుకుని, నాకు ఇష్టమైన పేరు కాదు ప్రభువా, అక్కడ రాసి ఉన్న పేరే చదివించు, అని వేడుకునేదాన్ని. నా జీవితంలో నేను చేసిన మంచి ప్రార్థనలన్నీ ఆ ఫోన్ పట్టుకునే చేశాను.