బాపు బండికి నేను పెట్టిన కొత్త గొంతు

డిగ్రీ పాసైన! వింటున్నరా, నేను డిగ్రీ పాసైన! గది సుత ఫస్ట్ క్లాసుల! మా ఖాందాన్ల నాకంటె ముందు కాలేజీ గేటు దాటింది మా బర్రె ఒక్కతే. అది గడ్డి కోసం పోయింది, వాచ్‌మన్ కట్టె పట్టుకొని తరిమిండు. నన్ను తరమలే. గంతే తేడా.

పొద్దుగాల రిజల్ట్ చూసినప్పటిసంది మా ఇంట్ల ఎవ్వరికీ కాలు నేల మీద ఆనుతలేదు. బాపు అయితే బనీను మీదనే గౌలిపుర గల్లీల నిలబడి, పోయేటోళ్లను వచ్చేటోళ్లను ఆపుతున్నడు. "మా నరేష్‌గాడు గ్రాడ్యుయేట్ అయిండు!" అంటే ఆళ్లు ఏమంటున్నరో ఎరుకేనా? "ఎవరు, గా బండి సప్పుడు చేసే పిలగాడేనా?"

చూసిన్రా! మూడేండ్లు సదివి తెచ్చుకున్న పేరు ఒక్క మాపటికి వచ్చిన పేరు ముందట నిలబడలే. ఇగ దాచి లాభం లేదు. పక్కింటోళ్ల లగ్గం ముచ్చట చెడిపోయేదాక తెచ్చిన ఆ బర్బాదీ నేనే చెప్త. వేరేటోళ్లు చెప్తే ఇంకింత మసాలా కలుపుతరు.

మాది పాల ఇల్లు. ఒక్క బర్రె, దాని పేరు లచ్చిమి. ఒక్క బండి, దానికి పేరు లేదు, తిట్లున్నయి. పొద్దుగాల బాపు దాని మీద తిరిగి పాలు పోసొస్తడు, మాపటికి పచ్చగడ్డి మోపు తెస్తడు. నడుమల నేను కాలేజీకి తీసుకపోత. సెకండియర్ల నా దోస్తులు లావు లావు బండ్ల మీద వచ్చేటోళ్లు. అవి గేట్లకు రాంగనే గుండెల్ల డప్పు కొట్టినట్టుండేది. నా బండి సప్పుడో? నశ్యం పీల్చిన ముసలాయన తుమ్మబోయి ఆగినట్టు.

మెకానిక్ ఖలీల్ భాయ్ కాడికి పోయిన.

"భాయ్, దీని సౌండ్ జర భారీగ రావాలె."

"కొత్త సైలెన్సర్ ఎయ్యాలె బేటా."

"పైసల్లేవు భాయ్. గొంతు మారాలె, ఖర్చు కావొద్దు."

ఖలీల్ భాయ్ నన్ను కింది నుంచి మీది దాక చూసిండు. "అయితే హారన్ కొట్టుకుంట పో. గదొక్కటే ముఫ్త్."

నేను ఊకుంటనా? ఇంటికొచ్చి ఫోన్ల వీడియోలు చూసిన. సైలెన్సర్ లోపట ఒక బొక్కల గొట్టం ఉంటదంట. సప్పుడును మింగేది గదేనంట. గుంజి పారేస్తే చిన్న బండి సుత పులి లెక్క గర్జిస్తదంట.

ఆదివారం మధ్యాహ్నం బాపు పండుకున్నడు. నేను స్క్రూ ఇప్పి, పట్కారుతోని గొట్టం గుంజిన. మల్ల మనసు మారుతదేమోనని, గల్లీలకు వచ్చిన పాత సామాన్ల బండాయనకు ఆ గొట్టం ఇచ్చి ఉల్లిగడ్డలు తీసుకున్న. అమ్మ మస్తు ఖుషీ అయింది. "గిప్పటికి ఇంటికి పనికొచ్చే పని చేసినవ్ బిడ్డా" అన్నది.

కిక్కు కొట్టిన. ఫట్ ఫట్ ఫట్... ఠాం! పులి గాదు, రేకుల షెడ్డు మీద రాళ్ల వాన. నాకు మాత్రం కమ్మగ వినపడ్డది.

బాపు ఉలిక్కిపడి లేచొచ్చిండు. "ఏందిరా గా లొల్లి?"

"సర్వీసింగ్ చేసిన బాపు. బండి గొంతు సాఫ్ అయింది."

"సాఫయిందా, చిరిగిందా?" అనుకుంటనే గడ్డికి పోయిండు.

ఆ మాపటికే పక్కింటి యాదమ్మ పెద్దమ్మ బిడ్డకు లగ్గం మాట్లాడుడున్నది. పిలగానోళ్లు లాల్‌దర్వాజా నుంచి ఇంటెడు మంది వస్తున్నరు. ఆళ్ల చాయ్‌కి, సేమియా పాయసానికి పాలన్నీ మా ఇంటియే. "పాకెట్ పాలు పోస్తే నా ఇజ్జతేముంటది మల్లేశా? అప్పుడే పిండినయి కావాలె" అని పెద్దమ్మ అంటే, "ఫికర్ చెయ్యకు వదినా, నేనున్న" అన్నడు బాపు. మా బాపు పాలు పోస్తనన్న ఇంటికి ఎన్నడు పోయకుంట ఉండలే. వానలల్ల మోకాలు మునిగిన నాడు సుత పోసిండు.

మీకొక సంగతి చెప్పాలె. బర్రె చేపితేనే, అంటే తనంతట తాను పాలు కిందికి ఇడిస్తేనే, పిండొస్తది. దుడ్డె, అంటే దాని పిల్ల, ఉంటే దాన్ని చూసి చేపుతది. లచ్చిమి దుడ్డె పెద్దగయి పాలు మానేసింది. అప్పటిసంది మాపటి పూట గడ్డి మోపుతోని బాపు బండి మలుపు తిరిగే సప్పుడు వింటేనే లచ్చిమి చేపుతది. ఇదంత నాకు ఎరుకే. ఎరుకుండే గొట్టం గుంజిన. అదీ మన తెలివి!

బాపు మలుపు తిరిగిండు. ఫట్ ఫట్ ఠాం! లచ్చిమి ఎగిరి దుంకింది. పగ్గం తెంపినంత పని చేసి, మూలకు పోయి గోడ దిక్కు మొఖం పెట్టుకొని నిలబడ్డది. బాపు కూసొని పిండబోతే చుక్క రాలే. తవుడు పెట్టిండు, తిన్నది, పాలియ్యలే. అమ్మ ఎండుమిరపకాయలతోని దిష్టి తీసింది. ఇంట్ల అందరం దగ్గినం, బర్రె మాత్రం దగ్గలే.

గోడవతల నుంచి పెద్దమ్మ కేకేసింది. "మల్లేశా, ఆళ్లొచ్చి కూసున్నరు! పాలేవి?"

"వస్తున్నయి వదినా!"

"రెండుపార్లు మంచినీళ్లే ఇచ్చిన! మల్ల నీళ్లిస్తే లేచిపోతరు!"

బాపు బండి దిక్కు చూసిండు. బర్రె దిక్కు చూసిండు. ఆఖరుకు నా దిక్కు చూసిండు.

"ఏం పీకినవ్‌రా దాంట్లకెల్లి?"

"గొట్టం బాపు."

"ఏది, తే!"

"ఉల్లిగడ్డలైంది బాపు."

"ఏందీ?"

"అమ్మ కోసింది సుత."

చెప్పు తీస్తడనుకున్న. తియ్యలే. గడ్డి మోపు తీసి నా నెత్తి మీద పెట్టిండు. "నడువ్. మలుపు కాడికెల్లి నువ్వే బండి. పాత సప్పుడు రావాలె."

"బాపూ, నేను డిగ్రీ సదువుతున్న!"

"అయితే మంచిగ చెయ్యి."

పెద్దమ్మ ఇల్లు చిన్నది. పిలగానోళ్లు గల్లీలనే కుర్చీలేసుకొని కూసున్నరు. ఆళ్ల ముందట నుంచే నేను రావాలె! ఒక చెయ్యి మోపు మీద, ఇంకో చెయ్యి గాలిల యాక్సిలేటర్ మీద. "డుబు డుబు డుబు..." మలుపు కాడ గేరు మార్చిన, "కిర్రుక్!" గుంత కాడ బ్రేకు తొక్కిన, "కీంయ్!" మాట్లాడేటోళ్ల నోళ్లు అట్లనే తెరిసి ఉండిపోయినయి.

లోపట లచ్చిమి చెవులు ఆడిచ్చింది. బాపు ఒకటే అరుసుడు. "ఆపకురా! చేపుతున్నది! ఇంకో రౌండు!"

బకెట్ నిండేదాక తిరిగిన. నడుమల ఊపిరాడక ఆగితే అమ్మ ఉరికొచ్చి, "పెట్రోల్ అయిపోయిందా బిడ్డా" అని చెంబెడు నీళ్లు తాపింది.

పాలు పక్కింటికి పోయినయి, చాయ్ మసిలింది, లగ్గం ఖాయమైంది. పెండ్లిపిలగాని నాయిన చాయ్ జుర్రుకుంట బాపును అడిగిండు. "ఈ పిలగాడు ఏం చేస్తడు?"

బాపు ఛాతీ ఇరుసుకున్నడు. "డిగ్రీ సదువుతున్నడు."

ఆయన నా నెత్తి మీది గడ్డిపోస తీసి, మెల్లగ అడిగిండు. "ప్రాక్టికల్సా?"

కొత్త సైలెన్సర్ వచ్చేదాక రోజూ మాపటికి నాకు గదే డ్యూటీ. అందుకే, సదువుకున్నోన్ని, మా లచ్చిమి పొదుగు సాక్షిగ ఒట్టేస్తున్న. ఈ జన్మల ఏ బండి గొంతుల వేలు పెట్ట. పట్టా చేతికొచ్చినంక దాని మీద సుత ఇంకోపారి ఒట్టేస్త.

ఇగ ఇడువుండ్రి, ఫోన్ల ఛార్జింగ్ అయిపోతున్నది, ఇంకా మస్తుమందికి చెప్పేదున్నది. నల్లగొండల మేనత్త, ఏడుస్తది గాబట్టి జర పురసత్‌గ చెయ్యాలె. ఖలీల్ భాయ్. చిన్నమామ, లేకుంటే అలుగుతడు. కెమిస్ట్రీ సారు, నమ్మడు, అయినా చెయ్యాలె. యాదమ్మ పెద్దమ్మ బిడ్డ. తర్వాత ఆమెనే ఫోన్ ఆళ్ల మామకు, గా చాయ్ జుర్రినాయనకు, ఇయ్యుమనాలె. ప్రాక్టికల్స్‌ల సుత పాసైననని ఆయనకు నేనే చెప్పాలె.