నాకు మిగిలిన ఒక్క మాట ‘సరే’

ఆ రోజు పొద్దున ఖాజా మియా చాయ్ గ్లాసు అందిస్తే నా కుడి చెయ్యి లేవలేదు. ఆయన మా పక్కింటివాడు, హుజూరాబాద్‌లో గాజుల దుకాణం నడుపుతాడు. “ఏంది దొరా, నా చాయ్ మీద అలిగిండ్రా?” అన్నాడు. అలగలేదు అందామనుకున్నాను. నోట్లోంచి “సరే” అని వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ “సరే.” నవ్వుతున్నవాడు నా మూతి ఒకవైపుకు జారడం చూసి గ్లాసు వదిలేశాడు.

కరీంనగర్ ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీశారు. మెదడులో ఎడమవైపు క్లాట్. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. “మీకు అన్నీ అర్థమైతయి, మాట మాత్రం రాదు. దీన్ని అఫేసియా అంటం. కొందరికి ఒక్క మాట మిగులుతది. మీకు ‘సరే’ మిగిలింది” అన్నాడు డాక్టర్. తల అడ్డంగా ఊపుదామనుకుంటే నిలువుగా ఊగేది. అవును, కాదు రెండూ కలిసిపోవడం కూడా జబ్బులో భాగమేనట.

మా తాతకు గడి, అంటే కోటలాంటి దొరల బంగళా, ఉండేది. ఆ ఇంట్లో ‘సరే’ అనేది ఎదుటివాళ్ళు అనే మాట. గడి కూలింది, భూములు పోయాయి, నా వంతుకు హుజూరాబాద్‌లో మూడు గదుల ఇల్లు మిగిలింది. భార్య పోయింది, పిల్లలు లేరు. అయినా ఎవరి ముందూ నేను నడుం వంచి నిలబడలేదు. అలాంటివాడి దగ్గర్నుంచి దేవుడు మాటలన్నీ లాక్కుని ఆ ఒక్కటే వదిలాడు.

చూసుకోవడానికి చెన్నూరు నుంచి మా చెల్లెలి కొడుకు సుధాకర్ వచ్చాడు. కొత్తలో బాగానే చూశాడు. ఒళ్ళు తుడిచేవాడు, ఫిజియోథెరపీకి తీసుకెళ్ళేవాడు. తర్వాత నా మాట సంగతి కనిపెట్టాడు.

“మామా, ఏటీఎం కార్డు నా తాన ఉంచుకోనా?”

“సరే.”

ఇంకోరోజు ఇరుగుపొరుగు వాళ్ళను కూర్చోబెట్టి అడిగాడు. “ఇల్లు నా పేరు మీద చేస్తవా మామా?”

“సరే.”

“మేనల్లుడంటే ఎంత పాణమో సూడుండ్రి!” అని ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. లోపల నేను వద్దు, వద్దు అని అరుస్తూనే ఉన్నాను.

కాగితం తెచ్చి, మగవాళ్ళు వెయ్యాల్సిన ఎడమ బొటనవేలి ముద్ర వెయ్యమన్నప్పుడు ఆ పిడికిలి బిగించాను. నాకు చేతనైన ‘వద్దు’ అదొక్కటే. “అందరి ముందట సరే అంటివి గద, ఇప్పుడు బిగవడతవేంది?” అని చెంప మీద కొట్టాడు. పళ్ళు నాలుకలోకి దిగి, నెత్తురు జావ గిన్నెలో పడింది. ఆ జావే తాగించాడు.

నా కుడి చేతిని వాడు ముట్టేవాడు కాదు. నొప్పి బాగా తెలిసే ఎడమ చేతినే ఎంచుకునేవాడు. తలుపు సందులో పెట్టి నొక్కాడు. తడి తువ్వాలు మెలిపెట్టి వీపు మీద బాదాడు. కాగే చాయ్ తొడ మీద పోసి “చెయ్యి జారింది మామా” అన్నాడు. మంచం కోడుకు కట్టేసి “ఏం దొరా, గడి యాదికొస్తుందా? పిలువు నీ జీతగాళ్లను!” అనేవాడు. కొట్టి కొట్టి అలసిపోయాక అడిగేవాడు, “ఇంకా కొట్టాల్నా?”

“సరే” అనేవాణ్ణి.

వాడికి అదొక ఆట. ఖాజా మియా గుమ్మంలోకి వస్తే “మామ పండుకున్నడు” అని పంపేసేవాడు.

ఒకరోజు పిడికిలి విప్పబోయి నా మణికట్టు విరిచాడు. ఆ చప్పుడుకు భయపడి మళ్ళీ అదే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఎక్స్‌రే తీశారు, ప్లాస్టర్ వేశారు. మాట ఏమాత్రం మెరుగుపడలేదని డాక్టర్ నన్ను పై అంతస్తులో స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపాడు. ఆమెకు ముప్పై ఏళ్ళు ఉంటాయేమో.

“బాపూ, బాత్‌రూంల జారి పడ్డరా?”

“సరే.”

“చింతచెట్టు మీదికెల్లి పడ్డరా?”

“సరే.”

“ఎద్దు పొడిచిందా?”

“సరే.”

సుధాకర్ పగలబడి నవ్వాడు. “గాయినకు దిమాగ్ లేదు మేడం!”

ఆమె నవ్వలేదు. “ఈయన కొట్టిండా?”

“సరే.”

సుధాకర్ నవ్వు ఆగిపోయింది. ఆమె వాణ్ణి బయట కూర్చోమంది. “బాపూ, మీ ఎడమ కాలు మంచిగుంది. కాదు అనాలంటే నేలను తన్నుండ్రి” అని నా మోకాలు పట్టుకుని నేర్పింది. అది ఒక్కరోజులో రాలేదు. ప్లాస్టర్ చూపించడానికి వెళ్ళిన ప్రతిసారీ సాధన చేయించింది. ఇది ఆదిలాబాదా? తన్నాను. మీరు ఆడమనిషా? గట్టిగా తన్నాను.

“మీ మేనల్లుడు మంచిగ చూస్తుండా?”

కాలు పైకి లేచింది. మా రక్తం పంచుకున్నవాడు నన్ను కుక్కను కొట్టినట్టు కొడుతున్నాడని పరాయి పిల్ల ముందు ఒప్పుకోవాలి. కాలును మెల్లగా కింద పెట్టేశాను, చప్పుడు కాకుండా. ఆమె నా ముఖం చూసి “మళ్ల అడుగుత బాపూ” అంది.

ఆమె మళ్ళీ అడిగేలోపే సుధాకర్ నన్ను వీల్‌చైర్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తోసుకెళ్ళాడు. ప్లాస్టర్ బయటికి బొటనవేలు కనిపిస్తూనే ఉంది, వాడికి అది చాలు. సాక్షి సంతకానికి ఖాజా మియాను బతిమాలి తెచ్చాడు.

“ఇల్లు మీ ఇష్టంతోనే ఇస్తుండ్రా పెద్దమనిషీ?” అని అడిగాడు అధికారి.

“సరే” అంది నా నోరు. నా కాలు నేలను తన్నింది.

“కాలు గుంజుతది సార్, జబ్బు” అన్నాడు సుధాకర్. నేను టేబుల్‌ను తన్నాను. ఫైళ్ళు కింద పడ్డాయి. వాడు నా బొటనవేలు పట్టి మిషన్ మీద అదుముతుంటే వాడి మోకాలి చిప్ప మీద ఉన్న బలమంతా పెట్టి తన్నాను.

“నోరు ఒకటంటుంది, కాలు ఒకటంటుంది. ఏది నిజం?” అని అధికారి లేచి నిలబడ్డాడు.

ఆ నొప్పిలో సుధాకర్ తానెక్కడున్నదీ మరిచాడు. “ముసలి కుక్కా!” అని అందరి ముందు నా చెంప పగలగొట్టాడు. కుర్చీతో సహా కింద పడ్డాను. ఖాజా మియా వాడి కాలర్ పట్టి గోడకు గుద్దాడు. “సాక్షి సంతకం పెడత సాబ్! ఇంటికి గాదు, గీ చెంపదెబ్బకు పెడత!”

రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. పోలీసులు వచ్చారు. ఖాజా మియా, నేను కలిసి వయోవృద్ధుల చట్టం కింద ఆర్డీవో ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం. అక్కడ ఆ స్పీచ్ థెరపిస్టే వచ్చి ఒక్కొక్క ప్రశ్నా అడిగింది, నేను కాలితో జవాబులు చెప్పాను. చప్పుడు వినిపించేలాగే చెప్పాను. సుధాకర్‌ను ఇంట్లోంచి పంపించారు. కేసు నడుస్తోంది.

ఇప్పుడు పొట్టి పొట్టి వాక్యాలు మాట్లాడగలను. మొదట వచ్చిన కొత్త మాట ‘వద్దు’. థెరపీ గదిలో అది బయటికి రాగానే ఆపకుండా అంటూనే ఉన్నాను, గొంతు బొంగురుపోయేదాకా. ఇది ఎడమ చేత్తో, రోజుకు రెండు ముక్కలుగా, థెరపిస్టు సరిదిద్దుతుంటే రాస్తున్నాను. మణికట్టు చలికి లాగుతుంది. పగలు ఒక ఆయా వస్తుంది, ఆమె జీతం నేనే బ్యాంకు ద్వారా ఇస్తాను.

స్ట్రోక్ వచ్చినవాళ్ళ ఇళ్ళకు ఒక్కటే చెబుతాను. వాళ్ళు ‘సరే’ అన్నా, ‘ఊఁ’ అన్నా, తల ఊపినా వెంటనే నమ్మకండి. ముందు ఒక తప్పు ప్రశ్న అడగండి. మీ నాన్నను “నువ్వు నా చెల్లెలివా?” అని అడగండి. దానికీ ఆయన సరే అంటే, ఆ రోజు ఏ కాగితం మీదా ఆయన వేలు పెట్టనివ్వకండి. పక్కనున్నవాళ్ళను బయటికి పంపి, ఆయన చొక్కా విప్పించి ఒళ్ళంతా చూడండి.