షాహీన్ చెప్పని వాక్యం

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, జూన్‌లో నన్ను కరీంనగర్‌కు గంట దూరంలో ఉన్న ఒక మరమగ్గాల పట్టణానికి బదిలీ చేశారు. పట్టణం పేరు చెప్పను. హోదా హెడ్ కానిస్టేబుల్, పని స్టేషన్ రైటర్. వచ్చినవాళ్ల ఫిర్యాదులు రాయడం, స్టేషన్‌లో జరిగే ప్రతిదీ జనరల్ డైరీలో ఎక్కించడం, కేసు ఫైళ్లు కోర్టుకు సిద్ధం చేయడం రైటర్ బాధ్యత. నా చేతిరాతకు, నా భాషకు జిల్లాలో మంచి పేరుండేది. ఆ పేరు నాకు కాస్త తలకెక్కిందని కూడా ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నేను చేరిన రెండో నెలలో ఒక ఊరేగింపు దారి గురించి మాటా మాటా పెరిగి, మధ్యాహ్నానికి రెండు మతాలవాళ్లూ రాళ్లు పట్టుకున్నారు. దుకాణాలు కాలాయి. అదనపు బలగాలు దిగేసరికి కావలసిందంతా అయిపోయింది. ఆ సాయంత్రమే మా ఎస్సై గారు తనంతట తానుగా ఒక కేసు కట్టారు. నిందితులు: గుర్తు తెలియని గుంపు. అల్లర్లప్పుడు ఇది మాకు బాగా అలవాటైన పద్ధతి. ఊరంతటికీ ఒకే కేసు పెడతాం, తర్వాత ఎవరు ఏ బాధతో వచ్చినా అందులోనే ఒక వాంగ్మూలంగా కలిపేస్తాం. మాకు పని తేలిక. పేరూ ఊరూ తెలిసిన నిందితుడు కూడా ఆ గుంపులో పడి మాయమైపోతాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకరు షాహీన్, బీడీలు చుట్టుకుని బతికే మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. రెండో ఆమె పద్మ, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే పక్కింటి కార్మికుడి భార్య. గొడవ నడుస్తుండగా ముగ్గురు మగవాళ్లు షాహీన్ ఇంట్లో చొరబడ్డారు. అందులో ఒకడు ఆమె బట్టలు చింపి సందులోకి ఈడ్చాడు. ఆమె అతన్ని గుర్తుపట్టింది. పద్మ కిటికీలోంచి చూసింది. “గాడెవడో మాకు ఎరుకే మేడమ్, మా సందుల సెల్‌ఫోన్ దుకాణపోడు. మావోళ్లు నన్ను తిట్టినా సరే, సాక్ష్యం నేను చెప్త” అంది పద్మ. నిందితుడు ఆమె మతంవాడే. ఆ మాట అనడానికి ఆ రోజుల్లో ఆ సందులో ఎంత గుండె ఉండాలో నాకు తెలుసు.

ఎస్సై గారు వినీ విననట్టు విన్నారు. “మళ్ల ఇంకో కేసెందుకు మేడమ్? పెద్ద కేసుల గిది గూడ ఒక స్టేట్‌మెంట్ రాసెయ్యిండ్రి” అన్నారు. అప్పటికే నేను వాళ్లిద్దరి రాకను, వచ్చిన కారణాన్ని, నిందితుడి పేరుతో సహా జనరల్ డైరీలో ఎక్కించాను. డైరీలో ప్రతి పేజీకీ నంబరు ఉంటుంది, చింపడానికి వీల్లేదు. ఆ సంగతి వినయంగా మనవి చేశాను. ఆయన ముఖం మాడ్చుకుని విడిగా కేసు కట్టడానికి ఒప్పుకున్నారు. ఆ రోజు నేను చాలా గర్వపడ్డాను.

కానీ ఆ గర్వంలోనే తప్పు చేశాను.

పోలీసు ఫిర్యాదుకు ఒక భాష ఉంది. మనిషి ఏ యాసలో చెప్పినా రైటర్ దాన్ని ఆ అచ్చులోకి దింపుతాడు. ఆడవాళ్లపై దౌర్జన్యం అయితే నా అచ్చులో ఒక వాక్యం తప్పకుండా ఉండేది: “అంతట నేను బిగ్గరగా కేకలు వేయగా వారు పారిపోయిరి.” నాకు పని నేర్పిన పాత రైటర్ నేర్పిన వాక్యం అది. అది లేకపోతే ఆమె ఇష్టపడే ఊరుకుందని అంటారని ఆయన చెప్పేవాడు. షాహీన్ ఫిర్యాదులోనూ రాశాను. చట్టం ప్రకారం రాసింది చదివి వినిపించాలి. గబగబా చదివాను. ఆ వాక్యం దగ్గర షాహీన్ “మేడమ్, జర...” అంటూ ఏదో అనబోయింది. “అన్నిట్లో ఉండే మాటేనమ్మా, ఏం ఫికర్ పడకు” అని సంతకం పెట్టించాను.

నాలుగేళ్లకు కేసు విచారణకు వచ్చింది. అప్పటికి నేను వేరే స్టేషన్‌లో ఉన్నాను, ఉద్యోగ విరమణకు పది నెలలుంది. నేనూ సాక్షినే కాబట్టి షాహీన్ బోనులో ఉన్నంతసేపూ బయట వరండాలో కూర్చున్నాను. భోజన విరామంలో ప్రభుత్వ వకీలు గారు తల పట్టుకుని వచ్చారు. ఫిర్యాదులో అరిచానని ఉంది, తర్వాత మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన వాంగ్మూలంలో అరవలేదని ఉంది, ఏది అబద్ధం అని డిఫెన్సు వకీలు నిలదీశాడట. షాహీన్ తడబడలేదట. “నేను ఒర్రలే సార్. నా బిడ్డ అటక మీద దాసుకున్నది. నేను ఒర్రితె అది కిందికి దిగొస్తదని నోరు మూసుకున్న. గా మాట నేను రాయమనలే” అందట. రాసింది రైటరే అని ఎవరు నమ్ముతారని వకీలు గారి బెంగ. నా సాక్ష్యం మర్నాడు.

నాకు ముఖం చెల్లలేదు. పదేళ్ల కూతురి కోసం పళ్ల బిగువున భరించిన మనిషి చేత నేను కాగితం మీద కేకలు వేయించాను. ఆమె ఆపబోతే నోరు నొక్కాను.

ఇంతలో పాత ఎస్సై గారి ఫోన్. ఆయన అప్పటికి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అయ్యారు. “ఆమె చెప్పిందే రాసిన అనుండ్రి మేడమ్, అయిపాయె. లేకుంటే మీకు మెమో అస్తది, రిటైరయ్యేటప్పుడు పరేషాన్” అన్నారు. ఆయన అన్నది నిజమే. భయం వేసింది కూడా. కానీ నేను అలా చెబితే షాహీన్ అబద్ధాలకోరు అవుతుంది, దుకాణంవాడు నవ్వుకుంటూ ఇంటికి పోతాడు.

ఆ మధ్యాహ్నమే అనుమతి తీసుకుని పాత స్టేషన్‌కు వెళ్లి రికార్డు గదిలో కూర్చున్నాను. ఆ ఏడాది నేను రాసిన ఆడవాళ్ల ఫిర్యాదులన్నీ తీశాను. ప్రతిదానిలో అదే వాక్యం, అవే అక్షరాలు. వాటిలో ఒకదానికి నకలు తీయించి ప్రభుత్వ వకీలు గారికి పంపాను. అది పుట్టుమూగ అయిన ఒక అమ్మాయిది, ఆమె సైగలను అక్క చెబుతుంటే రాసింది. అందులోనూ ఆ పిల్ల బిగ్గరగా కేకలు వేసింది.

మర్నాడు బోనులో ఆ వాక్యం నాదని చెప్పాను. ఫిర్యాదుదారు ఆపబోయిందనీ నేను వినలేదనీ చెప్పాను. ఆమెను కాపాడటానికి ఇప్పుడు మాట మారుస్తున్నారని డిఫెన్సు వకీలు గద్దించాడు. నేను మూగ అమ్మాయి ఫిర్యాదు సంగతి చెప్పాను. ప్రభుత్వ వకీలు దాని నకలును జడ్జి గారికి అందించారు. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, నావైపు చూశారు. అంత సిగ్గుపడ్డ రోజు నా సర్వీసులో మరొకటి లేదు. అయినా గుండె మీది బరువు దిగిందన్నది కూడా నిజం.

సెల్‌ఫోన్ దుకాణంవాడికి శిక్ష పడింది. పద్మ సాక్ష్యం ఎక్కడా బెసకలేదు. మిగతా ఇద్దరినీ గుర్తించలేనందున వదిలేశారు. ఆ వాక్యం ఫిర్యాదుదారుది కాదు, రాసినవారిదని తీర్పులో స్పష్టంగా ఉంది. నాకు మెమో వచ్చింది, తప్పు ఒప్పుకుంటూ జవాబిచ్చాను. పెద్ద కేసును మాత్రం నిందితులు దొరకలేదని మూసేశారు. దుకాణాలు కాలినవాళ్లు ఏ మతంవాళ్లయినా వాళ్లకు ఈ రోజుకూ సమాధానం లేదు. షాహీన్ ఫిర్యాదును ఆ కేసులో కలపమన్న అధికారిని ఎవరూ ఏమీ అడగలేదు. అది తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పోయిన నెల ఆ స్టేషన్‌లో ఇప్పుడు రైటర్‌గా ఉన్న అమ్మాయి ఫోన్ చేసింది. షాహీన్, పద్మ తమ వీధిలో భర్త కొడుతున్న ఒకామెను వెంటబెట్టుకుని వచ్చారట. “ఒక్క కంప్లైంటుకు రెండు గంటలు కూసోబెట్టిండ్రు మేడమ్. చదివినకొద్దీ ఆపుడే. మూడుసార్లు తిరగరాసిన” అని వాపోయింది. చివరికి ఆ భార్య మూడో కాగితం విని “ఆ, గిది నా మాట” అని సంతకం పెట్టిందట. మంచి పని చేశావన్నాను.

చదివి వినిపించడం మర్యాద కోసం పెట్టిన పని కాదు. వినేవాళ్లకు ఆపే హక్కుందని దాని అర్థం. ఇరవై ఏళ్లకు పైగా రైటర్‌గా చేసి, ఆ సంగతి నేను చివరి పది నెలల్లో నేర్చుకున్నాను.