గరిటెడు కొరివికారం

జగ్గయ్యపేటలో బస్సెక్కితే నా పక్క సీట్లో ఒక పెద్దాయన ఉన్నారు. ఒళ్లో సంచి నిండా పండుమిరపకాయలు. చిల్లకల్లు దాటాక మెల్లగా అడిగారు.

"అమ్మా, కొరివికారం పెట్టడం వచ్చా మీకు? మా ఆవిడ పోయి ఏడాదైంది. ఎవరింట్లో తిన్నా ఆ రుచి తగలట్లేదు. పెట్టేటప్పుడు నేనెప్పుడూ పక్కన కూర్చుని చూడలేదు."

చెప్పా. కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, తొడిమలు తియ్యాలి. ఉప్పు, పసుపు వేసి తొక్కి, మధ్యలో చింతపండు పెట్టాలి. మూడోరోజు మెత్తగా రుబ్బి మెంతిపిండి కలపాలి. ఆయన పెదాలు కదుపుతూ ప్రతి మాటా మళ్లీ చెప్పుకున్నారు.

నందిగామలో ఆయన దిగబోతుంటే, "జాడీ బాగా కడిగి ఎండబెట్టండి, లేకపోతే బూజు పడుతుంది" అన్నా.

"కడగనమ్మా" అన్నారు. "అడుగున ఆవిడ పెట్టింది ఇంకా గరిటెడుంది. అన్నంలో కలుపుకోబుద్ధి కాక అలాగే ఉంచా. కొత్తది దానిమీదే పెడతా."

పాడవుతుందేమో అనబోయి, ఆయన మెట్లు దిగేదాకా సంచి పట్టుకుని అందించా.

ఆ ఆదివారం మా ఇంట్లో కొరివికారం పెడుతూ, మా ఆయన్ని పిలిచి పక్కన కూర్చోమన్నా. ఉప్పెంతో, చింతపండెంతో చూపించా.

"ఇవన్నీ నాకెందుకిప్పుడు?" అన్నారు.

"ఊరికే. చూస్తూ ఉండండి" అన్నా.