పనపాకం ముందా, గాదంకి ముందా

పెరటాసి నెల మూడో శనివారానికి కొండకు నడిచి రమ్మని మునిరత్నం కార్డు రాశాడు. మేమిద్దరం ఐరాలలో కలిసి చదువుకున్నవాళ్ళం. డెబ్బైల్లో నాలుగేళ్ళు వరుసగా ఊరి గుంపుతో తిరుమలకు నడిచాం. తర్వాత నాకు పలమనేరులో బడిపంతులు ఉద్యోగం రావడం, పెళ్ళికావడంతో నడక ఆగిపోయింది. ఏడేళ్ళకు మళ్ళీ వచ్చిన పిలుపు అది. కార్డు చివర మాత్రం "దొరసామి కూడా వస్తాడు, మంచి గొంతు" అని ఒక ముక్క ఉంది. అది నాకు నచ్చలేదు.

గురువారం తెల్లవారి ఐదింటికి పలమనేరులో మొదటి బస్సు ఎక్కాను. మొగిలి ఘాటు దిగేసరికి చలి వదిలింది. ఆరున్నరకు చిత్తూరు. బస్టాండు ఎదుట ఇడ్లీ, కాఫీ కానిచ్చి ఏడుంబావుకు ఐరాల బస్సు పట్టుకున్నాను. పక్కన కూర్చున్న ముసలామె నా సంచి చూసి, "కొండకా నాయనా? సెప్పులేసుకోని నడిస్తే పుణ్యం సగమే" అంది.

"సగం చాలులే అవ్వా" అన్నాను. నడవాలనుకునేవాళ్ళకు నేను చెప్పేదీ ఒకటే, చెప్పులు మానొద్దు. అలిపిరిలో విడిస్తే చాలు.

మా గుంపులో ఒక పద్ధతి ఉంది. పాట ఎత్తేవాడు భుజాన బరువు పెట్టుకోకూడదు. వాడి మూట వంత పాడేవాడు మోస్తూ కుడి పక్కన నడవాలి. ఒక ఊరు దాటి ఎత్తుకున్న పాట ఇంకో ఊరు వచ్చేదాకా తెగకూడదు. తెగితే గుంపంతా అక్కడే నిలబడి మొదటినుంచి పాడాలి. ఆ నాలుగేళ్ళూ మునిరత్నం మూట మోసింది నేనే.

ఎనిమిదిన్నరకు ఐరాలలో దిగాను. మునిరత్నం వచ్చి కావలించుకున్నాడు. వాడి భుజం మీద మూట లేదు. వెనక పొట్టి మనిషి ఒకడు రెండు మూటలతో నవ్వుతూ నిలబడి ఉన్నాడు. "ఈయనే దొరసామి. నగరి నేతోళ్ళు. మా సుబ్బన్న ఇంటికి ఇల్లరికం వచ్చినాడు" అన్నాడు మునిరత్నం. ఇల్లరికం వచ్చింది సుబ్బన్న ఇంటికేనా అనుకున్నాను కానీ పైకి నమస్కారమే పెట్టాను.

తొమ్మిదింటికి ఇరవై మందిమి బయలుదేరాం. మధ్యాహ్నానికి కాణిపాకం. అక్కడ రాగి సంకటి, చెనిక్కాయల పచ్చడి. సాయంత్రానికి పూతలపట్టు చేరి బడి వరండాలో పడుకున్నాం. దారంతా నేను దొరసామి గొంతులో తప్పు వెతికాను. శ్రుతి బాగుంది. చెక్కలు వాయించే చెయ్యీ బాగుంది. మునిరత్నానికి ఊపిరి అందకపోయే క్షణం వాడికి ముందే తెలిసి, చరణాన్ని నేలకు తగలనివ్వకుండా పట్టుకుంటాడు. అది ఒకప్పుడు నా విద్య. ఒకటి రెండు సార్లు నేనూ గొంతు కలపబోయాను. చాక్‌పీసు పొడి మింగిన గొంతు, వెనకవాళ్ళకే వినపడలేదు.

శుక్రవారం ఆరింటికే పూతలపట్టు వదిలాం. మునిరత్నం ఊళ్ళ పాట ఎత్తాడు. దారిలో వచ్చే ఒక్కో ఊరికి ఒక్కో చరణం. మొదటి యాత్రలో నేనూ వాడూ పోటీపడి కట్టిన పాట. ఎవరు ఏ చరణం కట్టామో నాకిప్పుడు గుర్తు లేదు.

"పూతలపట్టు పొలిమేర దాటినామయ్యా" అని వాడు ఎత్తితే, దొరసామి వెంటనే అందుకున్నాడు.

"పనపాకం పల్లె చూసి పొంగినామయ్యా
గాదంకి గట్టు మీద గోవిందన్నామయ్యా"

దొరికాడు! ఈ దారిలో ముందు వచ్చేది గాదంకి. పనపాకం దాని తర్వాత. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. "ఆగండప్పా!" అని అరిచాను. "పనపాకం ముందెట్లా వస్తుంది? దోవ తెలియనోళ్ళ చేతికి పాట ఇస్తే ఇంతే!"

పాట తెగింది. గుంపు నిలిచిపోయింది. ఎవరూ నాకేసి మంచిగా చూడలేదు. దొరసామి నొచ్చుకోలేదు.

"నేనూ మొదుట్లో ఇదే అడిగినా అయివారూ. మునిరత్నమన్న ఒప్పుకోలా. కట్టినోడు వచ్చి దిద్దేదాకా ఎవురూ ముట్టుకోగూడదన్నాడు. అందుకే తప్పని తెలిసీ అట్లే పాడతా ఉండాము."

"ఎవరు కట్టింది?" అన్నాను మునిరత్నంతో.

వాడు పగలబడి నవ్వాడు. "ఎవురేంది, నువ్వే! పూతలపట్టుకు పనపాకమైతేనే ‘ప’కు ‘ప’ కుదురుతాదని ఈ రోడ్డు మీదనే మొండికేస్తివి కదరా. సరే, ఇప్పుడు వచ్చినావు. దిద్దుతావా?"

ఇరవై మంది పొద్దుటి ఎండలో నిలబడి నా మాట కోసం చూస్తున్నారు. దిద్దడం ఎంతసేపు! కానీ దిద్దితే ఆ పాటలో నాదని చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? సరైన పాట దొరసామి నాకన్నా బాగా పాడతాడు. "వద్దులే, అట్లే ఉండనీ" అన్నాను. మొదటినుంచి ఎత్తుకున్నారు.

శనివారం తొమ్మిదింటికి చంద్రగిరి, ఒంటిగంటకు తిరుపతి. అలిపిరిలో చెప్పులు విడిచి మెట్లెక్కాం. గాలిగోపురం దగ్గర దొరసామి మునిరత్నం మూట నా ముందు పెట్టి, "కొంచేపు మీరు మోస్తారా అయివారూ?" అన్నాడు. లాక్కున్నట్టే తీసుకున్నాను. మోకాళ్ళ పర్వతం వచ్చేసరికి నాకు పాట కాదు గదా, గోవింద నామం కూడా నోట రాలేదు. దొరసామి మూట తీసుకుని, నేను వదిలేసిన వంత అందుకున్నాడు. ఎగతాళి చేసి ఉంటే బాగుండేది, వాణ్ణి తిట్టుకోవడానికి ఒక కారణమైనా దొరికేది.

దర్శనమయ్యాక వాళ్ళు రెండు రోజులు కొండ మీదే ఉండిపోయారు. నాకు సోమవారం బడి. ఆదివారం ఉదయం కొండ దిగి, తిరుపతిలో పదింటికి పలమనేరు బస్సెక్కాను. కిటికీ పక్క సీటు. చంద్రగిరి దాటాక కాళ్ళు పీకడం మొదలైంది. దొరసామి మీద కడుపుమంట చల్లారిందంటే అబద్ధమే. వాడు ఇప్పుడు ఏ మండపంలోనో మునిరత్నం పక్కన చెక్కలు వాయిస్తూ ఉంటాడు.

"పనపాకం, పనపాకం దిగేవాళ్ళు!" అని కండక్టరు కేకవేశాడు. ఇద్దరు దిగారు. ఇంకాసేపటికి, "గాదంకి!" అన్నాడు.

నేను నిటారుగా కూర్చున్నాను. పక్క సీటాయన, "ఏమప్పా, మీ ఊరు దాటిపోయిందా?" అన్నాడు.

"లేదు, వరస సరిగ్గానే ఉంది" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నా చరణంలో తప్పేమీ లేదు, ఇంటికి తిరిగి పోయేవాడు పాడుకోవలసింది అది. పూతలపట్టు వచ్చేదాకా లోలోపల తెగకుండా పాడుకున్నాను. వంతకు ఎవరూ లేరు.